కోసి తినని అన్నం

కోసికి అసహ్యం ఎక్కువ. ఈ మాటంటే మా ప్లాంటులో అందరూ నవ్వుతారు. చెత్త ఏరే మనిషికి అసహ్యమేమిటని వాళ్ల ఉద్దేశం. అలవాటైపోయి ఉంటుందంటారు, ముక్కు చచ్చిపోయి ఉంటుందంటారు, అసలు ఆ జనానికి అలాంటివేవీ ఉండవని కూడా అంటారు. ఆ చివరి మాట అన్నవాళ్ల ఇళ్ల నుంచి వచ్చే చెత్త సంచులు నేను చూశాను. అప్పటి నుంచి వాళ్లతో కలిసి క్యాంటీన్లో కూర్చోవడం మానేశాను.

మా ప్లాంటు బస్తర్‌లో బచేలి దాటాక దంతెవాడ రోడ్డు పక్కన ఉంటుంది. ప్లాంటంటే పెద్దదేమీ కాదు. రెండు రేకుల షెడ్లు, ఒక పొగగొట్టం, ఒక ప్రయోగశాల, గేటు దగ్గర డైరెక్టరు గారి నిలువెత్తు ఫోటో ఉన్న బోర్డు. టౌన్‌షిప్ చెత్తను ఇక్కడికి తెచ్చి, చాలీచాలని గాలిలో కాల్చి, గ్యాసు చేస్తాం. ఆ గ్యాసులో చాలా భాగం కార్బన్ డయాక్సైడ్. మా నాన్న చదువుకున్న పుస్తకాల్లో దాన్ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. దాన్ని గాలిలోకి వదిలేయకుండా హైడ్రోజన్‌తో కలిపి, బాగా వేడి చేసి, క్యాటలిస్టు గుళికల మీదుగా పంపిస్తే అవతలి చివర డీజిల్ లాంటి నూనె చుక్కలుగా పడుతుంది.

క్యాటలిస్టు అంటే పెళ్లిళ్లు కుదిర్చే మధ్యవర్తి అనుకోండి. ఇద్దరినీ కలిపి, తాను చెక్కుచెదరకుండా ఇంకో సంబంధం చూడ్డానికి వెళ్లిపోతుంది. మా గుళికలు బైలదిల్లా కొండ ఇనుప ధూళితో చేసినవి. పెసరగింజంత ఉంటాయి, నల్లగా ఉంటాయి, షెడ్డులోనే ఒక మూల ఆరబెడతాం. వాటిని చేసింది నేను. నా పేరు జయ. పుట్టింది కిరందుల్ టౌన్‌షిప్‌లో, మా నాన్న గని ఉద్యోగి, సొంతూరు విజయనగరం వైపు. నాకు పెళ్లెందుకు కాలేదని చుట్టాలు అడిగితే మా అమ్మ ఆ గుళికల డబ్బా వైపు చూపిస్తుంది.

ఈ మధ్యవర్తికి ఒక బలహీనత ఉంది. గంధకం, ఉప్పు, సీసం లాంటివి కాస్త తగిలినా మంచం పడుతుంది, మరి లేవదు. అందుకని చెత్తను ముందే ఏరాలి. ఆకులు, కాగితాలు, కట్టెపేళ్లు ఒక పక్కకి. మందుసీసాలు, బ్యాటరీలు, వైర్లు, పనికిరాని ప్లాస్టిక్కు ఇంకో పక్కకి. ఆ పని చేసే ఆడవాళ్ల బృందానికి పెద్ద కోసి.

కోసిది నక్సలైట్ల ప్రాంతమని పేరుపడ్డ భేజ్జి అవతల ఒక చిన్న పల్లె. దోర్లా తెగ మనిషి కాబట్టి తెలుగు వచ్చు. గోండీ, హల్బీ వచ్చు, హిందీ తిట్టడానికి సరిపడా వచ్చు. అక్కడ పొలం ఉండేది. వేసవిలో ఇప్పపూలు, చింతపండు, తునికాకు. భర్త మాసా జ్వరం వచ్చి, ఆసుపత్రికి మోసుకెళ్తుండగా దారిలోనే పోయాడు. ఆ తర్వాత ఊళ్లో ఉండలేక చంటిపిల్ల రీనాను తీసుకుని బచేలిలో ఉన్న చెల్లెలు లక్మే ఇంటికి వచ్చింది. ఇటుకలు మోసింది, హోటల్లో గిన్నెలు తోమింది. మా ప్లాంటు మొదలైనప్పుడు పనికి చేరింది.

చేరిన రోజు నాకు బాగా గుర్తుంది. మొదటి సంచి విప్పగానే షెడ్డు బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంది. మళ్లీ వచ్చింది, మళ్లీ విప్పింది, మళ్లీ పరిగెత్తింది. నేను వెళ్లి నీళ్లిచ్చాను.

"అక్కా, ఈ పని నీకు పడదేమో," అన్నాను.

"పడదు. ఎవలకు పడతది? నీకు పడతదా?" అంది. నోరు కడుక్కుని, చేతిలో ఉన్న చిన్న మూటను నాకు చూపించింది. "ఇదేంది జయమ్మా? పిల్లగాని పీతి. గింత అందమైన గుడ్డల సుట్టి, దాని మీద పూల బొమ్మలు ఏసి, మూట గట్టి దాసిపెట్టిర్రు. ఎవలకు దాసిపెట్టిర్రు?"

డైపర్ అంటే ఏమిటో చెప్పాను. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ల ఇళ్లలో పిల్లల్ని కడగడానికి నీళ్లు ఉండవా అని అడిగింది. ఉంటాయన్నాను. ఆ తర్వాత టౌన్‌షిప్ ఆడవాళ్లు ఎదురుపడితే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచేది. అసలు ముక్కు మూసుకోవాల్సింది తామని వాళ్లనుకునేవారు.

నేను ప్రయోగశాలలో కూర్చుని రాసుకునే దానికంటే షెడ్డులో నిలబడి నేర్చుకున్నదే ఎక్కువ. మనుషులు ఎంత రోతగా బతుకుతారో అక్కడే చూశాను. సగం తిన్న అన్నం, అందులోనే బొద్దింకల మందు, అందులోనే దేవుడి పూలు, అందులోనే వాడిపారేసిన రక్తపు గుడ్డలు, అన్నీ కలిపి ఒకే కవరు, దానికి గట్టిగా ముడి. రెండు బుట్టలు పెట్టుకోండి, తడిది వేరు, పొడిది వేరు అని ఇంటింటికీ తిరిగి చెప్పాం. ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట ఉచితంగా ఇచ్చాం. చాలా ఇళ్లలో వాటిలో బట్టలు నానబెట్టుకున్నారు. అలాంటి ఒక ఇంటాయన మీటింగులో పర్యావరణం గురించి మాట్లాడుతుంటే నేను లేచి బయటికి వచ్చేశాను.

కోసికి ఒక నియమం ఉంది. షెడ్డులో మెతుకు ముట్టదు. మధ్యాహ్నం గంట కొట్టగానే గేటు దాటి, రోడ్డు దాటి, వాగు దాకా నడిచి వెళ్తుంది. అక్కడ స్నానం చేస్తుంది. పొడి చీర కట్టుకుని, చెట్టు కింద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్నది తింటుంది. మళ్లీ పాత చీర కట్టుకుని వస్తుంది. వానైనా అంతే, చలైనా అంతే. మిగతా ఆడవాళ్లు షెడ్డు వెనక అరుగు మీద తింటారు, ఆమెను ఆటపట్టిస్తారు. డైరెక్టరు గారికి ఈ స్నానాలంటే ఒళ్లుమంట. "మీ మహారాణి విహారం అయిందా?" అని నన్ను అడిగేవారు. ఆయన ఢిల్లీలో చదివినవాడు, డాక్టరేటు ఉంది, ఎప్పుడూ సెంటు వాసన వస్తుంది. వేలి కొసలతో తప్ప షెడ్డు తలుపు ముట్టుకోడు.

నిరుడు వానాకాలంలో రెండు సంగతులు కలిసి వచ్చాయి. ఒకటి, నా గుళికలు చిన్న గొట్టంలో చక్కగా పనిచేశాయి కాబట్టి పెద్ద రియాక్టరులో పోయడానికి అనుమతి వచ్చింది. రెండు, రీనాకి జగదల్‌పూర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. ఆ రోజు కోసి నాకు సీతాఫలం తెచ్చి ఇచ్చింది. ఆమె నవ్వగా అంతకుముందు నేను చూడలేదు. చేరే ముందు ఇంట్లోవాళ్ల మీద ఏ కేసూ లేదని ఠాణా నుంచి రాయించుకుని రమ్మన్నారట.

"ఠాణాకి పోవాల్నంటే భయమైతంది," అంది. "భేజ్జి అనంగనే అదో తీర్గ సూస్తరు."

"నీ మీద ఏముందని? నేను కూడా వస్తాలే," అన్నాను.

రియాక్టరు నింపడం విశ్వకర్మ పూజ రోజున జరగాలని డైరెక్టరు గారు పట్టుబట్టారు. ఆ రోజు బస్తర్‌లో సుత్తి దగ్గర్నుంచి డంపరు దాకా ప్రతి ఇనుప ముక్కకీ బొట్టు పెడతారు. నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం పీడనం చూసే మీటరు పాడైతే కొత్తది తేవడానికి జగదల్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. నేను వచ్చాక నింపండి అని చెప్పి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి రియాక్టరు మూత బిగించేసి ఉంది. నేల నిండా కొబ్బరిచిప్పలు, బంతిపూలు, ప్రతి పైపుకీ నారింజరంగు సిందూరం. ఇక్కడ దాన్ని బందన్ అంటారు.

పూజ చేయించింది మా ఆపరేటరు చక్రధరరావు. ఆయన గనిలో మా నాన్నతో పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు మా దగ్గర ఏడాదికో మారు పొడిగింపు తీసుకుంటూ ఉన్నాడు. నుదుట పెద్ద బొట్టుతో నిలబడి ఉన్నాడు.

"ముహూర్తం దాటిపోతుందని సార్ తొందరపెట్టారు అమ్మాయ్. అంతా శాస్త్రోక్తంగా జరిగింది," అన్నాడు.

మొదట్లో నూనె బాగానే పడింది. డైరెక్టరు గారు సీసాలో పట్టి ఫోటో దిగారు. తర్వాత చుక్కలు పలచబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. గ్యాసు ఎలా లోపలికి వెళ్తోందో అలాగే బయటికి వస్తోంది. ప్లాంటు పని ఎలా సాగుతోందో చూడ్డానికి రాయ్‌పూర్ నుంచి కమిటీ రావాలి, దానికి ఎక్కువ రోజులు లేవు. రియాక్టరు పక్కనున్న చిన్న కవాటం తెరిచి చిటికెడు గుళికలు తీసి పరీక్షకు పంపాను. వాటిలో సీసం ఉందని తేలింది.

డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. నేను అబద్ధం చెప్పడం లేదు, నిజంగా వెలిగింది.

"బ్యాటరీ," అన్నారు. "ఎవరో బ్యాటరీ వదిలేశారు. లేకపోతే కావాలనే వేశారు."

బ్యాటరీలో సీసం ఉండే మాట నిజమే. కానీ గ్యాసుతో వచ్చిన సీసం ముందు గ్యాసు శుభ్రం చేసే తొట్టిలో దొరకాలి. తొట్టిలో ఏమీ లేదు. ఆ మాట చెప్పాను. ఆయన విననే లేదు. పక్కనే ఉన్న సెక్యూరిటీ ఆఫీసరు చెత్త ఏరేవాళ్ల ఊళ్లేమిటని అడిగాడు. అందరివీ దగ్గర ఊళ్లే. కోసిది మాత్రం భేజ్జి. ఆయన తల ఊపాడు. డైరెక్టరు గారు కూడా తల ఊపారు. ఒక మనిషి పుట్టిన ఊరి పేరుతో అంత పెద్ద యంత్రం ఎందుకు ఆగిందో వాళ్లకి అర్థమైపోయింది.

మర్నాటికి కోసిని గేటు దగ్గరే ఆపేశారు. తోడ్‌ఫోడ్ అనుమానం అంటూ డైరెక్టరు గారే స్వయంగా ఠాణాకి వెళ్లి ఆమె పేరు చెప్పి వచ్చారు. తోడ్‌ఫోడ్ అంటే విధ్వంసం. ఆ సంగతి ఆమెకు చెప్పాల్సిన పని నా మీద పడింది.

కోసి గేటు బయట నేల మీద కూర్చుని ఉంది. అంతా విన్నాక ఒకటే అడిగింది.

"మరి రీనా కాగితం?"

ఠాణాలో పేరు పడ్డ మనిషి కూతురికి వాళ్లు ఏమీ రాసివ్వరని ఇద్దరికీ తెలుసు.

నేను తిన్నగా లోపలికి వచ్చి, ఎవరినీ అడక్కుండా రియాక్టరు చల్లార్చి మూత విప్పించాను. చక్రధరరావు వద్దంటూనే బోల్టులు విప్పాడు. గుళికలన్నీ పళ్లెంలోకి దించాం. నల్లటి గుళికల మధ్య వేరే ఆకారం కనిపించింది. సన్నగా, పొడుగ్గా, మాడి బొగ్గైనవి. వేలితో నలిపితే పొడి అయ్యాయి. ఒకటి కాదు, పళ్లెమంతా ఉన్నాయి. బియ్యపు గింజలు.

నేను చక్రధరరావు వైపు చూశాను. ఆయన పళ్లెం వైపు చూడలేదు.

"బాబాయ్ గారూ, అక్షతలు లోపల వేశారా?"

"నేను గుళికల డబ్బా మీద వేద్దామన్నానమ్మా. మూత తీయండి, అసలు దేవుడు లోపల ఉన్నాడు కదా అని సారే తీయించారు. పళ్లెంలో అక్షతలు, బందన్ అన్నీ కలిసే ఉన్నాయి. రెండు చేతులా పోశారు. ఫోటోకి బాగా వస్తుందని మళ్లీ ఒకసారి పోశారు."

"ఇన్నాళ్లూ నోరెందుకు మెదపలేదు?"

"ఆ బియ్యం వల్ల ఏమవుతుందనుకున్నాను."

బియ్యం వల్ల ఏమీ కాదు. పూజ గదిలో మిగిలిన బందన్ పొట్లం తెచ్చి పరీక్షించాను. అంగట్లో దొరికే చవకరకం. రంగు కోసం కలిపింది సీసమే. రియాక్టరు వేడికి అది కరిగి గుళికలకు పూతలా పట్టేసింది. ఏళ్ల తరబడి నేను చేసిన పని మీద మా డైరెక్టరు రెండు చేతులా విషం పోసి, కెమెరా వైపు చూసి నవ్వాడు. దానికి శిక్ష అనుభవించడానికి వాగులో స్నానం చేసి అన్నం తినే ఒక ఆడమనిషిని వెతికి పట్టుకున్నాడు.

మాడిన గింజల్ని గాజుపళ్లెంలో పోసి ఆయన గదికి పట్టుకెళ్లాను. బందన్ సంగతి కూడా చెప్పాను. ఆయన గింజల్ని చూసి, తలుపు మూయమన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆయన లేచి నాకు కుర్చీ లాగారు.

"మంచి పని చేశారు జయా. ఇప్పుడు అందరం బయటపడవచ్చు," అన్నారు హిందీలో. "గుళికలు షెడ్డులో ఆరబెట్టారు, చెత్త ఏరేవాళ్లు అక్కడే తింటారు కదా. అన్నం పడింది. చేతులకున్న బ్యాటరీ మసి పడింది. అజాగ్రత్త, అంతే. కావాలని చేసింది కాదు. మీ మహారాణి కమిటీ ముందు ఆ ఒక్క మాట చెబితే చాలు, నేనే వెళ్లి ఠాణాలో పేరు తీయిస్తాను. పనిలో కూడా ఉంటుంది. ఆమెకూ మేలు, మనకూ మేలు."

ఆ సెంటు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. షెడ్డులో ఏ సంచి విప్పినా నాకు అంత రోత పుట్టలేదు. కానీ కోసికి ఈ మాట చెప్పకుండా ఉండే హక్కు నాకు లేదు. రీనా సీటు దాని మీద ఉంది. ఆ సాయంత్రం లక్మే ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. రీనా గోడకి ఆనుకుని వింటోంది. రేపు కమిటీ ముందుకి వస్తానని మాత్రం కోసి చెప్పింది.

మర్నాడు కమిటీ వచ్చింది. ముగ్గురో నలుగురో పెద్దమనుషులు, పొడుగాటి బల్ల, సమోసాలు, జీడిపప్పు. కోసిని లోపలికి పిలిచి ఒక మూల నిలబెట్టారు. ఆమె పొడి చీర కట్టుకుని వచ్చింది. ఆమెకు హిందీ అంతంతమాత్రం కాబట్టి నన్ను తర్జుమా చేయమన్నారు. గాజుపళ్లెంలో గింజల్ని డైరెక్టరు గారు అందరికీ చూపించి, సంగతి వివరించి, కోసి వైపు తిరిగారు.

"చెప్పు దీదీ, భయపడకు. గుళికలు ఆరబెట్టిన షెడ్డులో కూర్చుని అన్నం తిన్నావు, పొరపాటున పడింది. అంతేగా?"

కోసి పళ్లెం దగ్గరికి వచ్చి గింజల్ని చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. కోపం వస్తే ఆమెకు హిందీ రాదు, తెలుగులోనే మాట్లాడింది. నేను అక్షరం మార్చకుండా హిందీలో చెప్పాను.

"నేను గా కంపుల కూసొని బువ్వ తిన్ననా? నేనేడ తింటనో నీకు తెల్వదా సాబ్? దినాం గేటు కాడ నన్ను సూసి నవ్వుతవు గద." పళ్లెం అవతలికి నెట్టింది. "బ్యాటరీ ఏసిన అని రాసుకో. జైల్ల ఏస్త అంటె ఎయ్యి. నా బిడ్డ సీటు పోతె పాయె. మీ అందరి పీతి చేతులతోటి ఏరి, గా చేతులతోటే ఆడనే తిన్న అని మాత్రం నా నోటితోటి నేను జెప్ప. నేను మనిషిని."

నేను చివరి మాట కూడా హిందీలో చెప్పాను. కమిటీలో ఒకాయన సమోసా కొరకబోయి పళ్లెంలో పెట్టేశాడు. డైరెక్టరు గారు నవ్వారు. చదువు లేనివాళ్లతో ఇదే ఇబ్బంది అన్నారు.

అప్పుడు చక్రధరరావు లేచాడు. ఆయన్ని టీ కప్పులు చూసుకోవడానికి పిలిచారు. వచ్చీరాని హిందీలో మొదలుపెట్టి, తడబడి, తెలుగులోకి దిగాడు.

"ఆ బియ్యం ఆమెవి కాదండి. అవి అక్షతలు. పసుపు కలిపింది నేను. పోసింది సార్. ఫోటోలు ఉన్నాయి, కావాలంటే చూడండి," అన్నాడు. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అందులో డైరెక్టరు గారు రెండు చేతులా నారింజరంగు బియ్యం గుళికల డబ్బాలోకి పోస్తూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. నేను బందన్ పరీక్ష సంగతి కూడా చెప్పాను.

ఏదో జరుగుతుందని నేను ఎదురుచూశాను. నా అమాయకత్వం. కమిటీ పెద్దాయన ఫోటో చూసి, పకపకా నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు. మా ఇంట్లో కూడా ఇంతే, కొత్త కారు ఇంజనులో మా ఆవిడ కుంకుమ పోసింది అని ఒకాయన చెప్పాడు. దేవుడికి కూడా కొంచెం కెమిస్ట్రీ నేర్పాలి అని ఇంకొకాయన. కొత్త గుళికలు చేసుకోమని, సమయం పొడిగిస్తామని అన్నారు. డైరెక్టరు గారు కూడా వాళ్లతో కలిసి నవ్వారు. జీడిపప్పు పళ్లెం ఒక చుట్టు తిరిగింది. కోసి మూలనే నిలబడి ఉంది. ఆమెను కూర్చోమని గానీ వెళ్లమని గానీ ఎవరూ అనలేదు.

నవ్వులన్నీ అయ్యాక ఆమే అడిగింది. ఈసారి హిందీలో.

"సాబ్, ఠాణాలో నా పేరు?"

"అయ్యో, తీయించేద్దాం దీదీ. రేపే వెళ్తాను. నువ్వు పనికి వచ్చెయ్," అన్నారు ఆయన.

మర్నాడు ఆయన రాయ్‌పూర్ వెళ్లారు. వచ్చాక జలుబు చేసింది. తర్వాత ఢిల్లీ. నేను, కోసి, చక్రధరరావు ఠాణాకి వెళ్లాం. అక్కడ రాతపని చూసే మున్షీ మర్యాదగానే కూర్చోబెట్టాడు. పేరు ఇచ్చినాయనే వచ్చి పొరపాటైందని చెప్పాలి, మీరు చెబితే కుదరదన్నాడు. అది కూడా నిజమే. డైరెక్టరు గారి గది ముందు రోజూ నిలబడ్డాను. వెళ్తాను జయా, వెళ్తాను, అంత తొందరేమిటి అనేవారు. ఆయనకి పగ ఉందని కొందరన్నారు. నాకలా అనిపించలేదు. పగ పట్టాలన్నా అవతలివాళ్లు మనుషులని అనిపించాలి. ఆయన మరిచిపోయేవాడు, అంతే. చక్రధరరావుకి మాత్రం ఆ ఏడు పొడిగింపు రాలేదు. ఆయన సామాను సర్దుకుని పార్వతీపురం వెళ్లిపోయాడు.

చివరికి ఒక రోజు డైరెక్టరు గారు దంతెవాడలో ఏదో పెళ్లికి వెళ్తూ దారిలో ఠాణా దగ్గర కారు ఆపించారు. ఆ కార్లో నేను బలవంతంగా ఎక్కాను కాబట్టి నాకు తెలుసు. లోపలికి వెళ్లి మాట చెప్పి బయటికి రావడానికి ఆయనకి పట్టిన సమయంలో డ్రైవరు టీ కూడా పూర్తిగా తాగలేకపోయాడు. అప్పటికి జగదల్‌పూర్‌లో క్లాసులు మొదలయ్యాయి. కాగితం లేని రీనా సీటును వెయిటింగులో ఉన్న వేరే అమ్మాయికి ఇచ్చేశారు.

కోసి పనికి వస్తోంది. ఏం చేస్తుంది మరి, ఇల్లు గడవాలి. నేను కొత్త గుళికలు చేశాను. ఇప్పుడు నూనె బాగా పడుతోంది, గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువు సగానికి సగం తగ్గింది, పత్రికల్లో వచ్చింది. చూడ్డానికి జనం వస్తున్నారు. మొన్న విదేశాల నుంచి కూడా వచ్చారు.

డైరెక్టరు గారు వాళ్లను షెడ్డు గుమ్మం దాకా తీసుకొచ్చారు. లోపల కోసి పక్కన కూర్చుని రీనా చెత్త ఏరుతోంది. కిందటి నెల నుంచి వస్తోంది. ఇంకా అలవాటు కాలేదు, మధ్య మధ్యలో బయటికి పరిగెత్తుతుంది.

ఆయన ఆ ఇద్దరి వైపూ చెయ్యి చూపించి ఇంగ్లీషులో ఏదో గర్వంగా చెప్పారు. వచ్చినవాళ్లు మెచ్చుకోలుగా తలలూపి ఫోటోలు తీసుకున్నారు. ఆయన ఏమన్నారని కోసి నన్ను అడిగింది.

మా దగ్గర రెండో తరం కూడా పనిచేస్తోందని చెప్పారు, అన్నాను.